ఆయన ఉద్యోగం పోయిన ఇంట్లో

చి.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోనులో "ఆయన ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది పెద్దమ్మా" అని ఆగిపోయావు. వెంటనే పిల్ల చదువు మీదికి మాట మార్చావు. అల్లుడు గారు పక్క గదిలో ఉన్నారని అర్థమైంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీ పెదనాన్నకు ఉద్యోగం పోయినప్పుడు 49 ఏళ్లు. బాలానగర్‌లో ఒక కర్మాగారం టూల్‌రూమ్‌లో 24 ఏళ్లు చేశారు. 2001లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చి పంపేశారు. మళ్లీ పని దొరకడానికి రెండేళ్లు దాటింది. నేను జిల్లా పరిషత్ పాఠశాలలో టీచర్ని కాబట్టి అన్నానికి ఇబ్బంది పడలేదు. ఇబ్బందంతా మా ఇద్దరి మధ్యే వచ్చింది. అందులో సగం నేను తెచ్చిపెట్టుకున్నదే.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఆయన కాఫీ కలిపి ఉంచారు. పెళ్లయిన 22 ఏళ్లలో అదే మొదటిసారి. గ్లాసు మీద మూత కూడా పెట్టారు, చల్లారిపోకుండా. నేను చెప్పులు విడుస్తూనే ఒక గుక్క తాగి "చక్కెర ఎక్కువైంది, పాలు ఇన్ని పోస్తే రేపటికెలా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత నెల రోజులు వంటింట్లో అడుగు పెట్టలేదు. సంపాదన ఉన్న రోజుల్లో అదే మాటంటే నవ్వి ఊరుకునేవారు. ఉద్యోగం పోయిన మనిషి చెవికి ప్రతి మాటా "నువ్వు తిని కూర్చుంటున్నావు" అన్నట్టే వినిపిస్తుందమ్మా. నువ్వు అలా అనకపోయినా సరే.

కాబట్టి సాయంత్రం గుమ్మంలో "ఏమైనా తెలిసిందా?" అని అడగడం మానెయ్యి. తెలిస్తే ఆయనే పరుగెత్తుకొచ్చి చెబుతారు. తెలియలేదని రోజూ నోటితో చెప్పించడం దేనికి? వారంలో ఒక పూట పెట్టుకోండి, ఆదివారం ఉదయమైతే మంచిది. డబ్బు, దరఖాస్తులు, అప్పులు, అన్నీ అప్పుడే. మిగతా ఆరు రోజులు ఆ ఊసే వద్దు. నీకు భయం వేస్తే కాగితం మీద రాసి పెట్టుకో, ఆదివారం తియ్యి.

ఇక చేతి ఖర్చు. పెదనాన్న బస్సు చార్జీకి నన్ను అడగాల్సి వచ్చేది. అడగలేక రెండుసార్లు కూకట్‌పల్లి దాకా నడిచి వెళ్లారని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ వేళ నేను ఏడ్చిన ఏడుపు నాకే తెలుసు. నువ్వు జీతం పడిన రోజే ఎంతో కొంత ఆయన ఖాతాలో వెయ్యి. దేనికి ఖర్చయిందని అడగకు.

లెక్కలు కూడా రాస్తాను, కోపగించుకోకు. పీఎఫ్ డబ్బు తీసి వ్యాపారంలో పెడదామని ఎవరైనా స్నేహితుడు వస్తే ఆరు నెలలు ఆగమను. ఈ వయసులో చేతిలో పెద్ద మొత్తం ఉందని తెలియగానే కర్రీ పాయింట్ పెడదామనేవాళ్లు, చిట్టీ కట్టించేవాళ్లు దిగుతారు. పదేళ్ల సర్వీసు ఉంది కాబట్టి ఆయనకు 58కి పింఛను వస్తుంది. 50 దాటాక ముందే తీసుకోవచ్చు కానీ, ముందున్న ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది. తొందరపడవద్దు. ఇంటి అప్పు వాయిదా తప్పేలా ఉంటే తప్పకముందే బ్యాంకుకు ఇద్దరూ వెళ్లి మాట్లాడండి. 90 రోజులు దాటితే మొండి బాకీ కింద రాసేస్తారు, తర్వాత మాట్లాడుకోవడం కష్టమవుతుంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోయి ఉంటుంది. మీ కాలేజీ బీమాలో ఆయన పేరు ఉందో లేదో రేపే చూడు. లేకపోతే విడిగా తీసుకోండి. ఆయనకు బీపీ ఉంది కదా, పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు కట్టమనేవాళ్లను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకు.

ఇంటి పని విషయంలో ఒక తేడా గమనించు. "ఎలాగూ ఖాళీయేగా" అని గ్యాసు, కరెంటు బిల్లు, మీ ఆడపడుచు బ్యాంకు పని, పక్కింటి వాళ్ల ఆస్పత్రి పని, అన్నీ ఆయన నెత్తిన పడతాయి. నేను కూడా పొద్దున్నే చీటీ రాసి పెట్టి వెళ్లేదాన్ని. మనిషిని మగ్గబెట్టడానికి అది చాలు. బదులుగా ఒక పని పూర్తిగా ఆయనకే వదిలెయ్యి. రాత్రి వంట అనుకో, ఏం వండాలో, ఎలా వండాలో ఆయన ఇష్టం. ఉప్పు ఎక్కువైతే పెరుగు కలుపుకుని తిను.

చివరికి పెదనాన్నకు పని దొరికింది పేపరు ప్రకటన చూసి కాదు. ఆయన దగ్గర ఒకప్పుడు అప్రెంటిస్‌గా చేసిన కుర్రవాడు జీడిమెట్లలో చిన్న షెడ్డు పెట్టుకుని పిలిచాడు. జీతం పాతదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. తాను పని నేర్పిన పిల్లవాడి కింద చేయడమా అని వారం రోజులు పెదవి విప్పలేదు. నేను వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎనిమిదో రోజు బీరువాలోంచి తన మైక్రోమీటర్, అదే పనిలో కొలతలు తీసే సాధనం, తీసి, గుడ్డతో తుడిచి, జేబులో పెట్టుకుని బయల్దేరారు. అల్లుడు గారికి కూడా ఈ వయసులో పాత సహోద్యోగులే దారి. వాళ్లను కలవడానికి మొహమాటపడుతుంటే పట్టుబట్టి పంపించు. నేను గట్టిగా చెప్పేది అదొక్కటే.

ఆయన రాత్రుళ్లు నిద్రపోక, తిండి మానేసి, నేను లేకపోతేనే మీకు నయం అనే మాటలు అంటే మాత్రం ఆదివారం దాకా ఆగకు. 14416కి ఫోను చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. డాక్టరు దగ్గరికి నువ్వు కూడా వెంట వెళ్లు. తాగుడో చెయ్యి చేసుకోవడమో మొదలైతే, పైన రాసిన ఓర్పంతా పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చెయ్యి.

నీకూ కోపం వస్తుంది. పొద్దున్న ఐదింటికి లేచి, కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పి, ఇంటికొచ్చేసరికి ఆయన టీవీ ముందు కనిపిస్తే ఎవరికైనా వస్తుంది. అది తప్పని అనుకోకు. కానీ అత్తగారికో పిల్లకో చెప్పుకోకు, నాకు చెప్పు. వచ్చే ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. ఒక్కదానివే రావాలనిపిస్తే ఒక్కదానివే రా, ఎందుకని అడగను.

నీ పెద్దమ్మ