లాభం పెరిగింది సరే, ఎక్కడి నుంచి?

ప్రశ్న: మా రొయ్యల చెరువులకు మేత అమ్మే కంపెనీ షేర్లు కొన్నాను. అమ్మకాలు రెండేళ్లూ 600 కోట్లే. పన్నుకు ముందు లాభం మాత్రం 54 కోట్ల నుంచి 70 కోట్లయింది. ఇతర ఆదాయం 6 నుంచి 26 కోట్లకు పెరిగింది. సంబరపడవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అప్పుడే వద్దండి. లాభంలోంచి ఇతర ఆదాయం తీసేయండి. నిరుడు 48, ఈ ఏడు 44. అంటే అసలు మేత వ్యాపారంలో 4 కోట్లు తగ్గింది. ఆ 26 కోట్లు ఎలా వచ్చాయో వార్షిక నివేదికలో లెక్కల వెనక ఇచ్చే వివరణల్లో (నోట్సు) విడమరిచి ఉంటుంది. డిపాజిట్ల మీద వడ్డీ అయితే మళ్లీ వస్తుంది. పెట్టుబడులు అమ్మగా వచ్చిందైతే ఈసారికే.

ఆపైన లాభనష్టాల పట్టికలో ముడిసరుకు ఖర్చు చూడండి. సోయా చెక్క, చేపపొడి ధరలు పెరిగితే ముందుగా తెలిసేది అక్కడే. దాని దగ్గర్లోనే ‘నిల్వల్లో మార్పు’ అనే వరుస ఉంటుంది. చాలామంది పొరబడేది దీంతోనే. ఖర్చుల్లో ఈ అంకె బ్రాకెట్లలో ఉంటే, అంటే ఖర్చులోంచి తీసేసి ఉంటే, నష్టం కాదు, తయారైన సరుకు నిల్వ పెరిగిందని. ఆ సరుకు ఖర్చు అమ్మినప్పుడే లెక్కలోకి వస్తుంది. పద్ధతి సరైనదే. కానీ మేత నెలల తరబడి నిల్వ ఉండే సరుకు కాదు కదా! గోదాములో పాడైతే ఆ దెబ్బ తర్వాతి లాభం మీద పడుతుంది.

తరుగుదల (యంత్రాలు, భవనాల అరుగుదల కింద ఏటా రాసే ఖర్చు), వడ్డీ ఖర్చు హఠాత్తుగా పెరిగితే తప్ప పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మూడు నెలల ఫలితాలు చూసేటప్పుడు మాత్రం జూన్‌ను నిరుటి జూన్‌తోనే పోల్చండి. పంట కాలాన్ని బట్టి మేత అమ్మకాలు మారతాయి, అది మీకు చెప్పేదేముంది.