పొమరేనియన్ పిల్ల గురించి మేనల్లుడికి

అల్లుడూ,

నీ పొమరేనియన్ మగ కుక్కపిల్లకు ఐదో నెల నిండినా సంచిలో ఒకే బీజం (వృషణం) తగులుతోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కంగారు పడొద్దు. అట్లని వదిలేయొద్దు కూడా.

ముందు నువ్వే ఇంకోసారి చూడు. భయపడినా, చల్లటి చెయ్యి తగిలినా పిల్లల బీజాలు పైకి పోతాయి. తిని నీ ఒళ్లో మత్తుగా పడుకున్నప్పుడు సంచి నుంచి గజ్జ దాకా మెల్లగా తడుము. గజ్జలో శనక్కాయ విత్తనమంత జారుతూ తగిలితే అక్కడే ఆగిందేమో. కొవ్వు కూడా అట్లే తగులుతుంది కాబట్టి తేల్చాల్సింది డాక్టరే. ఏమీ తగలకుంటే కడుపులోనే ఉండొచ్చు. ఎక్కువగా కుడివైపుదే ఇట్ల ఉండిపోతుంది.

మామూలుగా పుట్టిన రెండు నెలల్లో రెండూ కడుపులోంచి సంచిలోకి దిగుతాయి. కొన్నిటికి ఆలస్యమైనా, 6 నెలలు దాటితే ఇంగ ఆశ పెట్టుకునే పని లేదు. "ఏడాదికి దిగుతుందిలే" అని అమ్మినాయన అన్నాడంట, ఆ మాట నమ్మొద్దు. ఆముదం రాసి రుద్దమనేవాళ్లు, హార్మోను సూదులు వేయించమనేవాళ్లు వస్తారు. రుద్దితే పిల్లకు నొప్పే. సూదులతో దిగుతుందనడానికి గట్టి రుజువు లేదు.

లోపలుండిపోయిన బీజం ఒంటి వేడికి వీర్యం తయారుచేయలేదు గానీ మగ హార్మోనును మాత్రం వదులుతూనే ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ అందులో గడ్డ పుట్టే ప్రమాదం మామూలు కుక్కలకంటే చాలా రెట్లు ఎక్కువ. కొన్ని గడ్డలు ఆడ హార్మోనును వదులుతాయి. అప్పుడు రెండు పక్కలా బొచ్చు రాలుతుంది, మగకుక్కకు చన్నులు ఉబ్బుతాయి, ముదిరితే ఎముకల మూలుగ దెబ్బతిని రక్తం తగ్గిపోతుంది. కడుపులో బీజం మెలిపడితే నొప్పితో విలవిల్లాడుతుంది, అప్పుడు క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాల. అంత దాకా రానీయకు.

6 నెలలు నిండినాక ఆపరేషన్ చేయించు. రెండూ తీయించాల. దిగినదాన్ని ఉంచమని అడగొద్దు, ఆ ఒక్కదాంతోనే పిల్లలు పుడతాయి, ఈ లోపం వంశంలో దిగుతుంది. క్రాసింగ్‌కు ఎవరడిగినా ఇవ్వొద్దు, మొహమాటపడొద్దు. తల్లి కూడా ఈ లోపాన్ని మోస్తూ ఉండొచ్చు, అందుకే ఆ జతను మళ్లీ కలపొద్దని అమ్మినాయనకు చెప్పు. కోడెలకు మాదిరి పట్టకారుతో నొక్కిస్తే చాలదా అని బావ అడిగినాడంట. లోపలున్నది ఏ పట్టకారుకూ అందదు నాయనా, కోసే తీయాల.

మైదుకూరు నుంచి నీకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గర. స్కానింగ్ ఏ రోజు తీస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కో. కడుపులో ఉంటే కోత పెద్దదవుతుంది, వెతకాల్సి వస్తుంది, కాబట్టి ఇట్లాంటివి చేసిన చెయ్యి అయితేనే ఒప్పుకో. ఎన్ని గంటలు పస్తుంచాలో డాక్టర్నే అడుగు, చిన్నజాతి పిల్లను మరీ ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు. అయిపోయినాక తీసిన రెండింటినీ చూపించమని అడుగు, రెండూ తీసినట్టు కాగితంలో రాయించుకో. దొరకలేదని ఒకటి లోపలే వదిలేస్తే ఆ ప్రమాదం అట్లే మిగిలిపోతుంది.

కుట్లు మానే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, కుట్లు నాక్కోకుండా మెడకు పెట్టే కోన్ తీయొద్దు, స్నానం వద్దు, మిద్దె మెట్లు ఎక్కనీయొద్దు. కుట్లు ఎర్రగా ఉబ్బినా, నీరు కారినా డాక్టరుకు చూపించు, నాకూ ఫోటో పంపు. ఆపరేషన్ తారీఖు ఖాయమైతే చెప్పు, ఆ రోజు నేను ప్రొద్దుటూరికి వస్తా.

మీ మామ,
కడప