మా అన్నయ్య హత్యపై సిరీస్ తీస్తామంటున్నారు, ఆపగలమా?

ప్రశ్న: తొమ్మిదేళ్ల కిందట భూమి తగాదాలో మా అన్నయ్యను చంపారు. సెషన్స్ కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. వారి అప్పీలు హైకోర్టులో ఉంది. ఇప్పుడు ఓటీటీ కోసం డాక్యుమెంటరీ సిరీస్ తీసేవాళ్లు వచ్చి, అమ్మ కెమెరా ముందు మాట్లాడితే కొంత సొమ్ము ఇస్తామని, ఇంగ్లీషులో ఉన్న ఆరు పేజీల కాగితం ఇచ్చి వెళ్లారు. అమ్మకు ఇష్టం లేదు. మేం వద్దన్నా తీయగలరా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: తీయగలరు. అయితే మీ అమ్మగారు మాట్లాడకపోతే వారి చేతిలో మిగిలేది కోర్టు కాగితాలే కాబట్టి, ఆ ఆరు పేజీలు మీ గుమ్మం దాకా వచ్చాయి.

ఆటో శంకర్ కేసుగా అందరికీ తెలిసిన ఆర్. రాజగోపాల్ కేసులో, ఉరిశిక్ష పడిన ఖైదీ జైల్లో రాసుకున్న ఆత్మకథను ఒక తమిళ పత్రిక ప్రచురించబోతే అధికారులు అడ్డుపడ్డారు. ఒకరి వ్యక్తిగత జీవితం గురించి అనుమతి లేకుండా రాయరాదన్నది సూత్రమే అయినా, కోర్టు రికార్డులకు ఎక్కిన విషయానికి ఆ రక్షణ వర్తించదని, లైంగిక దాడి, అపహరణ వంటి నేరాల్లో బాధితురాలి పేరును మాత్రం బయటపెట్టరాదని సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. మీ అన్నగారి కేసులో తీర్పు, సాక్షుల వాంగ్మూలాలు ఈ కోవలోకే వస్తాయి.

అప్పీలు నడుస్తోందన్న కారణం మీద స్టే అడగవచ్చు గానీ, నేను పెద్దగా ఆశ పెట్టుకోను. కన్నకూతురి హత్య కేసులో నిందితురాలైన ఇంద్రాణీ ముఖర్జీపై నెట్‌ఫ్లిక్స్ తీసిన సిరీస్‌ను విచారణ ముగిసేదాకా ఆపాలని 2024లో సీబీఐ బాంబే హైకోర్టుకు వెళితే, న్యాయమూర్తులు స్వయంగా చూసి, ప్రాసిక్యూషన్‌కు నష్టం చేసేదేమీ లేదని పిటిషన్ కొట్టివేశారు. 2020లో సత్యం రామలింగరాజుకు హైదరాబాద్ సివిల్ కోర్టులో తాత్కాలిక ఉత్తర్వు దొరికి, ఆయన భాగం లేకుండానే నెట్‌ఫ్లిక్స్ ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ సిరీస్ విడుదలైన మాట నిజమే; కానీ అది బతికి ఉన్న మనిషి తన గురించి తాను వేసుకున్న దావా. మరణించిన వ్యక్తి గోప్యతా హక్కు వారసులకు సంక్రమించదని సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2023లో అంది.

మీ అన్నగారిని తప్పుడు మనిషిగా కల్పించి చూపిస్తే సంగతి వేరు. కుటుంబసభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో చనిపోయినవారిపై వేసే నింద కూడా భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టమే. ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టమే.

ఇక ఆ కాగితం. ఇటువంటివి నేను చాలా చదివాను. అందులో సొమ్ము అంకె ఎక్కడుందని కాక, మూడు మాటలు ఎక్కడున్నాయో వెతికించండి: రికార్డు చేసినదాన్ని శాశ్వతంగా, ప్రపంచంలో ఎక్కడైనా, తమకు నచ్చినట్టు కత్తిరించి వాడుకోవచ్చన్నది ఒకటి, విడుదలకు ముందు మీకు చూపనక్కర్లేదన్నది రెండవది, తర్వాత ఏ దావా వేయబోమని మీరు హామీ ఇస్తున్నారన్నది మూడవది. ఈ మూడూ ఉంటే, మీ అమ్మగారు గంటసేపు చెప్పినదాంట్లో ఆమె ఏడ్చిన పది సెకన్లే మిగిల్చినా మీరు అడగడానికి ఏమీ ఉండదు. ఎప్పటికైనా మాట్లాడాలనిపిస్తే, ఈ షరతులు కొట్టివేయించి, తెలుగు ప్రతి మీదే సంతకం చేయండి.

ఫొటోలు, ఉత్తరాల సంగతి చాలామంది పట్టించుకోరు. మీ అన్నగారు రాసిన, ఎక్కడా అచ్చుకాని ఉత్తరాలపై కాపీరైటు, అవి తొలిసారి ప్రచురితమైన తర్వాత 60 ఏళ్లదాకా వారసులదే. ఇంట్లోవాళ్లు తీసిన ఫొటోల హక్కు తీసినవారిది. బంధువుల్లో ఎవరైనా వాట్సాప్‌లో ఇప్పటికే పంపి ఉంటే ఈ వారంలోనే కనుక్కోండి. అవి వాడడానికి అనుమతి లేదని, మీ అమ్మగారు మాట్లాడదలచుకోలేదని రెండు పేరాల ఉత్తరం ఆమె సంతకంతో స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు సదుపాయాలతో పంపించి, ఆ రుజువును ఆ ఆరు పేజీలతో కలిపి భద్రపరచండి.