మేస్త్రీ మాట తగ్గించేశాడు, సూపర్‌వైజర్‌గా నేను కల్పించుకోవచ్చా?

మీ సెంట్రింగ్ మేస్త్రీ కొన్ని వారాలుగా ఎవరితోనూ కలవడం లేదని, చిన్న మాటకే విరుచుకుపడుతున్నాడని రాశారు. అది ఆయన సొంత విషయమేమో, అడిగితే బాగుంటుందా అన్నది మీ సందేహం. అడగండి. నేనూ చాలా ఏళ్లుగా సైటు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నా అనుభవంలో మనసులో ఉన్నది నోటిదాకా రాకముందే పనిలో బయటపడుతుంది.

మా దగ్గర పరంజా కట్టే ఒకాయన ఉండేవాడు. క్లాంపు బిగించాక పానాతో ఇంకోసారి లాగి చూసుకుంటే గానీ పైకి ఎక్కేవాడు కాదు. అలాంటి మనిషి ఒకరోజు బెల్ట్ హుక్కు దేనికీ తగిలించకుండా పైపు మీద నడుస్తున్నాడు, హుక్కు నడుము దగ్గర వేలాడుతోంది. కిందికి పిలిచి, పక్కకు తీసుకెళ్లి, "అన్నా, రాత్రి నిద్ర పడుతోందా?" అని మాత్రం అడిగాను. "పడుకుంటున్నా సార్, కన్ను మూతపడట్లేదు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. బిల్లు పాస్ కాలేదని కాంట్రాక్టర్ డబ్బు ఆపాడు. ఈయన కింద పనిచేసేవాళ్లు రోజూ కూలి అడుగుతున్నారు. ఇంటి నుంచి ఫోన్ మోగినా గుండె దడే.

అలాంటి మనిషికి "ధైర్యంగా ఉండు" అని చెప్పి ఏం లాభం? కాంట్రాక్టర్‌తో కూర్చుని డబ్బు ఏ తేదీకి ఇస్తాడో రాయించాం. కొన్నాళ్లు కింద పని ఇచ్చాం, కూలి మాత్రం తగ్గించలేదు. ఈ రెండో విషయం గుర్తుపెట్టుకోండి. చెప్పుకుంటే పని పోతుందనో, కూలి తగ్గుతుందనో భయం ఉంటే ఎవరూ నోరు విప్పరు. డాక్టర్ దగ్గరకు కూడా వెళ్లాడు. నిద్ర కుదుటపడటానికి చాలా రోజులే పట్టింది.

"బాగున్నావా?" అంటే మనవాళ్లు బాగున్నాననే అంటారు. నిద్ర, ఒళ్లు నొప్పులు, కోపం గురించి అడిగితే జవాబు వస్తుంది. ముఠా ముందు మాత్రం వద్దు. పని దిగాక పక్కన నడుస్తూ అడగండి, మధ్యలో ఆయన ఆగిపోతే మీరు మాటలు అందించకండి.

ఈ పనిలో టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్లాబ్ పోస్తుండగా పంపు మొరాయిస్తే కాంక్రీటు మనకోసం ఆగదు, మధ్యలో ఆపితే కోల్డ్ జాయింట్ పడుతుంది (పాత కాంక్రీటుకు కొత్తది సరిగా అతుక్కోదు), అర్ధరాత్రయినా ముగించాల్సిందే. ఆ ప్రాజెక్టు అయిపోగానే తర్వాతి పని ఎక్కడో తెలియదు. నడుం నొప్పికి మాత్రలు, నిద్రకు మద్యం అలవాటవుతాయి. తోటివాడు పడిపోవడం కళ్లారా చూసినవాడు మర్నాడు అదే అంతస్తు ఎక్కాలి. అలాంటివాళ్లతో ఆ వారమంతా ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదేదో మీ సైటుకే వచ్చిన సమస్య కాదు. అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఆత్మహత్యల రేటు ఎక్కువగా ఉన్న రంగాల్లో నిర్మాణ రంగం ఒకటి. ఆస్ట్రేలియాలో 2008లో 'మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్' అనే కార్యక్రమం మొదలైంది. సైటులో పనిచేసేవాళ్లకే శిక్షణ ఇస్తారు, తోటివాడి కష్టాన్ని గుర్తుపట్టి సాయం అందే చోటికి చేర్చడం వాళ్ల పని. ఆఫీసు నుంచి వచ్చినవాళ్లకు చెప్పని మాట పక్కన రాడ్లు వంచేవాడికి చెబుతారు కాబట్టి, మీ ముఠాలో అందరూ నమ్మే మనిషి ఎవరో ముందే చూసిపెట్టుకోండి.

"బతకాలని లేదు", "నేను లేకపోతే వీళ్లకే నయం" లాంటి మాట వినబడితే డొంకతిరుగుడు వద్దు. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అవునంటే ఆ పూట ఎత్తు మీదికి పంపకండి, గదిలో ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఎవరికి ఫోన్ చేయమంటాడో ఆయన్నే అడిగి చేయండి, డాక్టర్ దగ్గరకు మీరే వెంట వెళ్లండి. స్లాబ్ పని ఆ రోజుకు ఇంకొకరు చూసుకుంటారు.