బూట్లు విప్పాక ఏం చేయాలో ఇరవైల్లోనే తేల్చుకోవాలి

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. వేరే రాష్ట్రంలోని ఒక క్లబ్ రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు ఆట అయిపోతుందంటున్నారు. ఆ తర్వాత వాడి బతుకేమిటని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే మాన్పించి చదివించమంటారా?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: మాన్పించకండి. క్లబ్ పిలిచి కాంట్రాక్టు ఇచ్చే స్థాయికి మన పిల్లలు చాలా కొద్దిమందే వెళ్తున్నారు. మీ జిల్లా నుంచే గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టు దాకా వెళ్లింది. మీ అబ్బాయినీ ఆడనివ్వండి.

అయితే మీ భయంలో అర్థం ఉంది. ముప్పై మూడు అన్నది అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే లెక్క. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడారు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట వదిలేయాల్సి వచ్చింది. ఒక్కోసారి ఆటగాడు బాగానే ఉంటాడు, క్లబ్బే నిలబడదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ డబ్బు ఇబ్బందుల్లో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. ఆ ఏడాదే లీగ్ సీజన్ ఆలస్యమై కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి.

అందుకే, రిటైరయ్యాక చూసుకుందాంలే అనుకోవద్దంటాను. ముఖ్యంగా స్పోర్ట్స్ కోటా విషయంలో. చాలామంది తల్లిదండ్రులు దాన్ని రిటైరైన ఆటగాళ్లకు ఇచ్చే ఉద్యోగం అనుకుంటారు. కానీ రైల్వే ప్రకటనల్లో ఈ కోటాకు వయసు 18 నుంచి 25 ఏళ్లే, సడలింపు ఉండదు. వాళ్లకు కావలసింది తమ జట్టుకు ఇంకా ఆడగలిగేవాడు. అంటే మీవాడికి ఇక మిగిలింది ఐదేళ్లు. ఇంటర్‌తో వచ్చే పోస్టు వేరు, డిగ్రీతో వచ్చే పోస్టు వేరు. ఆగిన డిగ్రీ ఇక్కడే అక్కరకొస్తుంది. రోజూ కాలేజీకి వెళ్లడం కుదరదు కాబట్టి హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేర్పించండి.

ఉద్యోగంలో చేరితే ముందు ఆ సంస్థ జట్టుకే ఆడాలి, పెద్ద క్లబ్ అవకాశం చేజారొచ్చు. ఆ మాట దాచకుండా అబ్బాయితో చెప్పండి. నా సలహా ఏమిటంటే, 23 ఏళ్లు నిండేలోపు పెద్ద లీగ్ జట్టులో స్థానం దొరక్కపోతే ఉద్యోగం వైపే మొగ్గాలి. కేరళకు చెందిన ఐ.ఎం. విజయన్ చిన్నప్పుడు త్రిశ్శూర్ స్టేడియంలో సోడాలు అమ్మారు. ఆట బలంతోనే కేరళ పోలీసులో చేరారు. క్లబ్బుల కోసం మధ్యలో బయటికి వెళ్లినా, 2025 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేసింది మాత్రం ఆ శాఖలోనే. భారత జట్టు కెప్టెన్‌గా చేసిన మనిషికి కూడా ఆ ఉద్యోగం ఆసరా అయింది.

రెండో దారి కోచింగ్. బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడన్న హామీ లేదు, కాబట్టి మీవాడికి అందులో ఆసక్తి ఉందా అన్నది ముందు తెలియాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చుట్టుపక్కల పిల్లలకు ఆట నేర్పమనండి. చిన్నవాళ్లతో ఓపిక పట్టలేకపోతే ఈ దారి వద్దు. ఓపిక ఉంటే ఆడుతుండగానే మొదటి లైసెన్సు తీసుకోవాలి. ఈ లైసెన్సులు కింది నుంచి పైకి డీ, సీ, బీ, ఏ, ఆపైన ప్రో. పై లైసెన్సులకు వెళ్లేకొద్దీ కోచ్‌గా పనిచేసిన అనుభవం అడుగుతారు, కాబట్టి ఇదంతా ఏళ్లు పట్టే పని. ఖాలిద్ జమీల్‌ను చూడండి. ఆటగాడిగా గాయాలు బాగా ఇబ్బంది పెట్టాయి. 2009లో ఆట ఆపి ముంబై ఎఫ్‌సీ కోచ్ అయ్యారు. 2016–17లో మిజోరం క్లబ్ ఐజ్వాల్‌ను ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌లో విజేతగా నిలిపారు. భారత జట్టు కోచ్ పదవి 2025లో వచ్చింది, అంటే పదహారేళ్లకు.

స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. వ్యాయామ విద్యలో డీపీఎడ్ లేదా బీపీఎడ్ ఉంటే డీఎస్సీ రాయొచ్చు. 1962 జట్టుకు కోచ్‌గా ఉన్న మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడి పంతులే. రిఫరీయింగ్, ఆటల వ్యాఖ్యానం కూడా ఉన్నాయి కానీ, మొదట్లోనే వాటిమీద ఇల్లు గడవడం కష్టం.

ఇక కాంట్రాక్టు. సంతకం చేసేముందు మీరూ, తెలిసిన లాయరూ కలిసి చదవండి. మోకాలి లిగమెంటు తెగితే మళ్లీ మైదానంలోకి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. ఆ నెలల్లో జీతం ఇస్తారా, ఆపరేషన్ ఖర్చు ఎవరిది, బీమా ఎంత, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పీఎఫ్, పెన్షన్ ఉంటాయని ఊహించుకోకండి. జీతంలో కనీసం మూడో వంతు అబ్బాయి పేరునే దాచండి, ఇంటి అప్పులకు వాడకండి. ఈ మాట కొంచెం కటువుగా అనిపించొచ్చు, కానీ ఆ డబ్బు వాడి రెండో చదువుకు కావాలి.

ఒక మాట మీకు ప్రత్యేకంగా. పదేళ్ల వయసు నుంచి పొద్దున్నే లేచి మైదానానికి వెళ్లే అలవాటున్నవాడికి, అది ఆగిపోయిన రోజు తానెవరో తనకే తెలియనట్టు అవుతుంది. ఆ సమయంలో “చెప్తే విన్నావా” అనకండి. ఉద్యోగం వెతకమని తొందరపెట్టే ముందు కొన్ని నెలలు తేరుకోనివ్వండి, అవసరమైతే మానసిక వైద్యుడికి చూపించండి.

ఈ వారంలో అబ్బాయికి ఫోన్ చేసి, క్లబ్‌కు వెళ్లేలోపు సార్వత్రిక విశ్వవిద్యాలయం దరఖాస్తు నింపమని చెప్పండి. జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీల సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టించండి. స్పోర్ట్స్ కోటా దరఖాస్తుకు మొదట అడిగేవి అవే.