బొంతలు కుట్టడానికి 38 వేల మిషన్ కావాలా?

ప్రశ్న: మాది హిందూపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలో అద్దెకు ఉంటున్నాం. మావారి జీతం చేతికి 72 వేలు వస్తుంది. అద్దె, పాప స్కూలు ఖర్చు పోను పెద్దగా మిగలదు. ఈ మధ్య నా చీటీ డబ్బు 40 వేలు చేతికొచ్చింది. నాకు క్విల్టులు, అంటే గుడ్డ ముక్కలు అతికి చేసే బొంతలు కుట్టడం ఇష్టం. చేత్తో రెండు కుట్టాను కూడా. ఆన్‌లైన్‌లో 38 వేల కంప్యూటర్ కుట్టు మిషన్ చూశాను, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. చీటీ డబ్బు కదపకుండా, క్విల్టులు అమ్మి వాయిదాలు కట్టేద్దామని నా ఆలోచన. మావారేమో ఊళ్లో అమ్మ దగ్గర మూలన పడున్న నల్ల మిషన్ చాలదా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మిషన్ సంగతి తర్వాత, ముందు వాయిదా సంగతి చూద్దాం. 38 వేలకు 12 నెలలంటే నెలకు సుమారు 3,170 రూపాయలు. ఇది క్విల్టుల మీద రావాలంటే ఒక్కో దాని మీద ఎంత మిగులుతుందో తెలియాలి.

సింగిల్ కాట్ సైజు, అంటే 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు తీసుకోండి. మామూలు కాటన్ గుడ్డ పన్నా 44 అంగుళాలు. అడుగు భాగానికి రెండు పట్టీలు కలపాలి కాబట్టి దాదాపు 5 మీటర్లు పడుతుంది. పైభాగానికి ముక్కలు కోసి అతుకుతారు. ప్రతి అతుకులోనూ కాస్త గుడ్డ లోపలికి పోతుంది కనుక 4.5 మీటర్లు వేసుకోండి. అంచు పట్టీకి అర మీటరు. మొత్తం 10 మీటర్లు, మీటరు 150 చొప్పున 1,500 రూపాయలు. మధ్యలో పెట్టే వాడింగ్‌కు, అంటే దూదిలాంటి మెత్తని పొరకు 500, దారానికి, సూదులకు 200. అంటే 2,200 రూపాయలు మీరు సూది కదపకముందే ఖర్చయిపోతాయి. 3,500కు అమ్మారనుకుందాం. మిగిలేది 1,300. కోత, అతుకు, ఇస్త్రీ, మూడు పొరలూ కలిపి కుట్టడం, అంచు వేయడం అన్నీ కలిపితే చేయి తిరిగినవాళ్లకు కూడా 25 గంటలు తక్కువ కాదు. గంటకు 52 రూపాయలు పడింది. వాయిదా తీరాలంటే నెలకు రెండున్నర క్విల్టులు కుట్టాలి, కుట్టినవన్నీ అమ్ముడుపోవాలి, కొన్నవాళ్లు డబ్బు వెంటనే ఇవ్వాలి. పక్క ఫ్లాటు ఆవిడ "వచ్చే నెల ఇస్తానులే" అందంటే ఆ నెల వాయిదా ఇంటి ఖర్చులోంచే పోతుంది. పైగా జైపూర్ రజాయిలు, అంటే అక్కడి దూది బొంతలు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంటే మీ కష్టానికి విలువ కట్టి కొనేవాళ్లను వెతుక్కోవడం మరో పని.

నో కాస్ట్ ఈఎంఐలో నిజంగా ఖర్చు లేదా అంటే, ఉంది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ముందే ధర తగ్గించి చూపిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజూ తీసుకుంటాయి. 15 శాతం వడ్డీ అనుకుంటే మీ 38 వేల మీద ఈ రెండూ కలిపి 750 దాకా అవుతాయి. నిజం చెప్పాలంటే ఇదేం కొంప ముంచే మొత్తం కాదు. అసలు ప్రమాదం ఎక్కడంటే, ఒక నెల చేయి ఆడక క్రెడిట్ కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ, అంటే కనీస మొత్తం మాత్రం కట్టినప్పుడు. మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం వేస్తాయి.

ఇక మిషన్. క్విల్టుకు కావలసింది తిన్నని కుట్టు. ముక్కలు అతకడానికీ అదే, పొరలు కలపడానికీ అదే. 38 వేల మిషన్‌లో ఉన్న వందలాది డిజైన్ కుట్లలో మీరు ఏడాదికి నాలుగైదు వాడితే గొప్ప. ఏడాదికి నాలుగు క్విల్టుల లెక్కన ఐదేళ్లలో 20 కుడతారనుకుంటే, ఒక్కో దాని మీద మిషన్ ఖర్చే 1,900 పడుతుంది. అదే 13 వేల మిషన్ అయితే 650. ఆ తేడా డబ్బుతో మంచి గుడ్డ వస్తుంది.

మీవారి మాట కొట్టిపారేయకండి. అమ్మగారి నల్ల మిషన్ ఇనుముది, బరువుది, తిన్నని కుట్టు నిక్కచ్చిగా వేస్తుంది. తుడిచి, నూనె వేసి, అరిగిన భాగాలు మార్పించి, మోటారు తగిలిస్తే 3 వేల లోపు తేలిపోవచ్చు. కాలితో తొక్కడం మీకు అలవాటైతే మోటారూ అక్కర్లేదు. ఇబ్బంది ఒక్కచోట వస్తుంది. మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు కింది గుడ్డను సూది కింద ఉండే ఇనుప పళ్లు నెడతాయి, పై గుడ్డ వెనకబడి ముడతలు పడుతుంది. దానికి వాకింగ్ ఫుట్ అనే పాదం (సూది దగ్గర గుడ్డను అదిమి పట్టే భాగం) విడిగా కొనాలి. అది పై పొరను కూడా కింది పొరతో పాటు నడిపిస్తుంది. మీ మిషన్‌కు పడుతుందో లేదో మిషన్‌నో, కనీసం పాత పాదాన్నో పట్టుకెళ్లి షాపులో పెట్టి చూడండి. ఫోటో చూపించి కొనొద్దు.

కాబట్టి నా సలహా: ముందు ఆ మిషన్ హిందూపురం నుంచి తెప్పించండి. దాని మీద పసిపిల్లల బొంతలు, 36 కి 45 అంగుళాలవి, రెండు మూడు కుట్టండి. పాత చీరలు అడుగున వేస్తే గుడ్డ ఖర్చు సగం తగ్గుతుంది. ఆ తర్వాత కూడా ఉత్సాహం తగ్గకపోతే అప్పుడు కొత్తది కొనండి.

కొత్తదంటే 10 నుంచి 15 వేల మధ్య ఉషా జనోమ్, సింగర్, బ్రదర్ కంపెనీల మోటారు మిషన్లు వస్తాయి. పేరుకన్నా చూడాల్సినవి వేరే ఉన్నాయి. సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య జాగా ఎంతుందో టేపు పెట్టి కొలవండి. ఇళ్లలో వాడేవాటిలో ఆరు, ఆరున్నర అంగుళాలే ఉంటుంది, చుట్టిన క్విల్టంతా అందులోంచే దూరాలి. పళ్లు కిందికి దించే మీట ఉందా, పాదం ఒత్తిడి తగ్గించుకోవచ్చా, వాకింగ్ ఫుట్ దొరుకుతుందా, దాని ధరెంత, అడగండి. వెళ్లేటప్పుడు రెండు గుడ్డల మధ్య వాడింగ్ పెట్టిన ముక్క మీ ఇంటి నుంచే తీసుకెళ్లండి. షాపువాళ్లు పలుచని గుడ్డ మీద కుట్టి చూపిస్తే ఏ మిషనైనా బాగానే కుడుతుంది! సర్వీసు మనిషి మారతహళ్లికి వస్తాడా, వస్తే ఎంత తీసుకుంటాడు అన్నది వారంటీ కార్డు కన్నా ముఖ్యం.

ఒక మాట ధర గురించి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 112 రూపాయలు ఉండేది 105కు రావాలి. పాత ధర స్టిక్కరు చూపిస్తే ఈ మాట అడగండి, బిల్లు తప్పకుండా తీసుకోండి.

రెండువేలకు దొరికే బుల్లి ప్లాస్టిక్ మిషన్ల జోలికి వెళ్లొద్దు, వాడింగ్ మందానికే అవి మొరాయిస్తాయి. బొమ్మనహళ్లి వైపు గార్మెంట్ ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చే సెకండ్ హ్యాండ్ జూకీలు, అంటే జూకీ కంపెనీ ఫ్యాక్టరీ మిషన్లు మాత్రం నిజంగా మంచి మిషన్లు, లోపల జాగా ఎక్కువ, వేగం ఎక్కువ. కానీ టేబులుతో కలిపి నాలుగడుగుల చోటు కావాలి, పాత క్లచ్ మోటారైతే స్విచ్ వేసినంతసేపూ రొద పెడుతూనే ఉంటుంది. అద్దె ఇంట్లో, కింద ఇంకొకరు ఉండగా, నేనైతే వద్దనే అంటాను.

"ఉచిత కుట్టు మిషన్" అంటూ వాట్సాప్‌లో తిరిగే లింకులు మీకూ వచ్చే ఉంటాయి. వాటిని నొక్కకండి, ఎవరికీ ఆధార్, ఓటీపీ ఇవ్వకండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ వృత్తి ఉన్న మాట నిజమే. పనిముట్లకు 15 వేల దాకా ఇ-వోచరు, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష వరకు రుణం ఇస్తారు. కానీ అది ఇప్పటికే దర్జీ పని మీద బతికేవాళ్లకు. ఇష్టం కొద్దీ క్విల్టులు కుట్టే మీకు వర్తించదు. మీ బ్లౌజులు కుట్టే ఆమెకు మాత్రం చెప్పండి, కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు ఉచితం.

చీటీ డబ్బు 40 వేలలో ఈ సరదాకు 20 వేలు హద్దు పెట్టుకోండి. అందులో 13 వేలు మిషన్‌కు, 2 వేలు పాదాలకు, 5 వేలు గుడ్డకు. అమ్మగారి మిషన్‌తోనే పని జరిగిపోతే గుడ్డకు ఇంకా ఎక్కువ మిగులుతుంది. చిక్‌పేటలో కాటన్ కొనేటప్పుడు ఒక్కో రంగు ఒక మీటరు మాత్రమే తీసుకోండి. క్విల్టు కుట్టేవాళ్ల డబ్బు మిషన్‌లో కన్నా బీరువాలో మడతపెట్టిన గుడ్డల్లోనే ఎక్కువ ఇరుక్కుంటుంది. కిలోల లెక్కన అమ్మే కట్ పీసులు చవకే, కానీ టీషర్టు గుడ్డ కలిసిందంటే సాగి అతుకులు వంకర పోతాయి. ఏదైనా ముందు ఒకసారి తడిపి ఆరేశాకే కోయండి.

ఎవరైనా ఆర్డరిస్తే గుడ్డ, వాడింగ్ ఖర్చంతా అడ్వాన్సుగా తీసుకోండి, చుట్టాలైనా సరే. చీటీ డబ్బులో మిగతా 20 వేలు పాప ఫీజు కట్టే నాటికి గడువు తీరేలా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేయండి. ఆ 38 వేల మిషన్‌ను ఆన్‌లైన్ కార్టులోంచి ఇవాళే తీసేయండి, లేకపోతే ప్రతి పండగ సేల్‌కూ మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది.