బిర్లా మందిర్‌లో గంట ఎందుకు లేదు? ఆ కొండకు అంతకుముందు చరిత్ర ఉందా?

హైదరాబాద్ బిర్లా మందిర్ గురించి మీరు అడిగిన ఈ రెండు ప్రశ్నలకూ కలిపే జవాబు చెప్పాలి. ఇప్పుడు గంట కూడా మోగని ఆ కొండ మీద ఒకప్పుడు నగారాలు మోగేవి.

కొండ పేరు నౌబత్ పహాడ్. పాదుషాల ఫర్మానాలు జనానికి చాటాల్సి వచ్చినప్పుడు ఇక్కడే నగారా వాయించేవారని చెబుతారు. కొండ ఎత్తు సుమారు 280 అడుగులు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు లేని రోజుల్లో అంత పైనుంచి దెబ్బ పడితే ఎంతదూరం వినిపించి ఉంటుందో ఊహించండి.

అదే కొండ మీద బిర్లాలు వేంకటేశ్వరస్వామి గుడి కట్టించారు. రాజస్థాన్ నుంచి తెప్పించిన పాలరాయే 2,000 టన్నులు. పని పూర్తవడానికి పదేళ్లు పట్టింది. 1976లో రామకృష్ణ మిషన్‌కు చెందిన స్వామి రంగనాథానంద చేతుల మీదుగా ప్రతిష్ఠ జరిగింది. గుడిలో ధ్యానానికి వీలైన వాతావరణం ఉండాలన్నది ఆయన కోరిక. అందుకే గంటలు పెట్టలేదు. ఇది మర్చిపోయిన విషయం కాదు, బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. నా దృష్టిలో ఆ గుడికి పాలరాయి కంటే పెద్ద అందం ఇదే.

మా అమ్మను తీసుకెళ్లినప్పుడు గమనించాను. గర్భగుడి ముందుకు రాగానే అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి పైకి లేచింది. తల ఎత్తి చూస్తే గంట లేదు. ఆ చేతినే రెండో చేతితో కలిపి దణ్ణం పెట్టుకుంది. కాసేపు నిలబడి చూస్తే చాలామంది చేతులు అలాగే లేస్తాయి. శనివారం రద్దీలో పిల్లల గోల, క్యూలో మాటలు ఎలాగూ ఉంటాయి. అయినా పూజారి చదివే మంత్రం చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా అందుతుంది. ఫోన్లు కౌంటర్‌లో ఇచ్చేసి లోపలికి వెళ్లాలి కాబట్టి రింగ్‌టోన్ల బెడద కూడా లేదు.

మూలవిరాట్టు నల్లరాతి విగ్రహం, సుమారు 11 అడుగులు. రాజగోపురం మన దక్షిణాది పద్ధతిలో ఉంటుంది, గర్భగుడి మీద శిఖరం మాత్రం ఒరిస్సా గుళ్లను గుర్తుచేస్తుంది. గోడల మీద చెక్కిన సూక్తుల్లో సిక్కు గురువుల వాక్కులైన గురుబానీ కూడా ఉంది. హడావుడిగా దర్శనం చేసుకుని దిగిపోయేవాళ్లు వీటిని చూడరు, నాకు అదే బాధ.

పై నుంచి హుస్సేన్ సాగర్ మొత్తం కనిపిస్తుంది. నీళ్ల మధ్య నిలబడ్డ బుద్ధుడు ఈ గుడి కంటే తర్వాత వచ్చినవాడు. 1990లో తరలిస్తుండగా విగ్రహం సాగర్‌లో మునిగిపోయింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు.

వెళ్తే సాయంత్రం వెళ్లండి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పైగా ఎండాకాలంలో ఆ రాతి మీద ఒట్టికాళ్లతో నడవలేం. పక్కనే బిర్లా ప్లానెటేరియం ఉంది, 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు. పిల్లలుంటే ముందు అక్కడ షో చూసుకుని తర్వాత గుడికి వెళ్లండి.